ఒకటో నంబరు చీటీ

మామగారితో వేగాలంటే మనిషికి చరిత్ర మీద ప్రేమైనా ఉండాలి, చెవుడైనా ఉండాలి. కోడలికి రెండూ లేవు. ఊళ్ళో మొదటి వంతెన ఏ సంవత్సరం కట్టారో, ఏ సంవత్సరం కూలిందో, కూలినప్పుడు దాని మీద ఎన్ని బళ్ళున్నాయో ఆయనకి కంఠతా వచ్చు. కళ్ళజోడు తన నుదుటి మీదే ఉందన్న సంగతి మాత్రం రోజుకి మూడుసార్లు కోడలు గుర్తు చేయాలి. ఇంట్లో విరిగిన వస్తువేదీ పారేయనివ్వరు. "విరిగింది కాబట్టే దానికో చరిత్ర ఉందమ్మాయ్" అంటారు. ఆ లెక్కన పెళ్ళయి పద్దెనిమిదేళ్ళయ్యాక తన నడుముకీ చరిత్ర ఉందని ఆమె అనుకుంటుంది గానీ పైకి అనదు. అంటే దానికీ ఓ చీటీ కట్టి అద్దాల బీరువాలో పెడతారని భయం.

చీటీ కట్టడం ఆయన నడిపే ఊరి చరిత్ర సంఘం పద్ధతి. సంఘమంటే పై వీధిలో పాత పోస్టాఫీసు హాలు, ఆరు అద్దాల బీరువాలు, ఇరవై ముగ్గురు సభ్యులు. ఇరవై ఇద్దరు పని చెబుతారు. ఇరవై మూడో సభ్యురాలు కోడలు. వేసవిలో పాత ఫోటోల ప్రదర్శన, చలికాలంలో పనిముట్ల ప్రదర్శన, వానాకాలంలో వరద ప్రదర్శన. మూడింటికీ కార్డులు రాసేది, బీరువాలు తుడిచేది, వచ్చినవాళ్ళకి టీలు అందించేది ఆమే. సంఘానికి ఏ వస్తువు వచ్చినా నంబరూ తేదీ వేసిన చిన్న అట్టచీటీ దారంతో కట్టాలి. చీటీ మాసిపోతే దాని మీదే కొత్తది కట్టాలి తప్ప పాతదాన్ని కోయకూడదు. రిటైరైన చరిత్ర మాష్టారైన మామగారు పెట్టిన రూలది. "చీటీ కోస్తే ఆ వస్తువు నాలుక కోసినట్టే" అంటారు.

ఈ వానాకాలంతో సంఘానికి యాభై ఏళ్ళు. అందుకని కార్డులు చాలవన్నారు మామగారు. రాతిపలక చెక్కించారు. దాన్ని ఆదివారం ముఖ్య అతిథి చేత హాల్లో ఆవిష్కరింపజేసి, తర్వాత కాలవ లాకుల దగ్గర గోడలో పెట్టిస్తారు. పలక మీదకి తెర కుట్టే పని దర్జీ అక్కకి అప్పజెప్పారు.

శుక్రవారం పొద్దున్న దర్జీ అక్క ఎర్ర శాటిన్ గుడ్డ చంకలో పెట్టుకుని, మెడలో టేపు వేసుకుని వచ్చింది. అరవైకి దగ్గర పడిన మనిషి. కొలతలు నోటితో చెప్పుకుంటూ పనిచేయడం అలవాటు. పలక వరండాలో గోనెపట్టా కింద గోడకి ఆనించి ఉంది.

"పట్టా తీయొచ్చా కోడలమ్మా? కొలవాలి గదా."

కోడలు చేతులు తుడుచుకుంటూ ఒక్క క్షణం తటపటాయించింది. వద్దనడానికి సాకు దొరకలేదు. పట్టా తీసింది.

దర్జీ అక్క అడ్డం కొలిచింది, నిలువు కొలిచింది. ఈసారి అంకెలు పైకి చెప్పలేదు. టేపు చుట్టేసి, వంగి, ఒక వరస అక్షరాల మీద వేలు పెట్టి నడిపింది. 'యాభై ఏళ్ళ కిందట ఈ చోట కట్ట తెగి పల్లపు వీధి మునిగింది. ముగ్గురు చనిపోయారు. కాపలాదారు నిద్రపోవడం వల్ల లాకు తలుపు ఎత్తలేదు.'

"అక్షరాలు గుండ్రంగా ఉన్నాయి," అంది. "మీ చేతివే కదూ?"

పెద్ద కాగితం మీద కోడలు రాసిస్తే, రాళ్ళు చెక్కే ఆయన దాన్నే దించాడు. ఆమె తలూపింది. బడిలో దస్తూరికి బహుమతి వచ్చిన నాటి నుంచి ఇప్పటిదాకా ఆ చేతి మీద ఆమెకి ఎప్పుడూ కోపం రాలేదు.

ఆ కాపలాదారు దర్జీ అక్క తండ్రి. ఊళ్ళో ఎవరూ ఆయన్ని పేరుతో తలవరు. నిద్రమొహం అంటారు. ఆయన పోయి నలభై ఏళ్ళు దాటినా ఆ మాట పోలేదు. జాకెట్టు కొలత ఇవ్వడానికి వెళ్ళేవాళ్ళు కూడా "నిద్రమొహం గారమ్మాయి దగ్గరకి" అనే అంటారు. చెడుగా అనరు. చిరునామా చెప్పినట్టు చెబుతారు, అదే పెద్ద బాధ.

"కార్డు మీద ఉన్నన్నాళ్ళు ఊరుకున్నాను," అంది దర్జీ అక్క. "ఏడాదికి మూడు రోజులు. ఆ మూడు రోజులూ ఈ వీధి తొక్కను, అంతే. రాయైతే ఏడాదంతా ఉంటుంది. బడి యూనిఫారాలు ఇవ్వడానికి నేను రోజూ ఆ గట్టు మీదే పోవాలి."

"నేను చెప్పి చూస్తానక్కా."

"ముగ్గురు పోయారని ఉంచండి. నీళ్ళొచ్చాయని ఉంచండి. ఆ ఒక్క వరస తీయించండి చాలు." ఆమె గుడ్డని మళ్ళీ మడత పెట్టింది, అవసరం లేకపోయినా. "నాకప్పుడు ఏడేళ్ళు. ఆ రాత్రి మా నాన్న రెండుసార్లు నీళ్ళోడుతూ వచ్చాడు, రెండుసార్లు మళ్ళీ బయటికి పోయాడు. గుమ్మంలో నా కొత్త చెప్పులు తడిపేశాడని ఏడ్చాను కాబట్టి నాకు గుర్తు. నిద్రపోయినవాడు తడుస్తాడా కోడలమ్మా?"

 దర్జీ అక్క గోనెపట్టా తనే కప్పింది, పసిపిల్లకి దుప్పటి సర్దినట్టు అంచులు సర్ది మరీ.

"తెర ఆదివారం పొద్దున్నే తెస్తాను. కుచ్చిళ్ళు పెట్టనా, వద్దా?"

మధ్యాహ్నం భోజనాల దగ్గర కోడలు మాట కదిపింది. మామగారు మజ్జిగ తాగడం ఆపి, కళ్ళజోడు కోసం బల్ల మీద తడుముకున్నారు. ఆమె ఆయన నుదురు చూపించింది.

"సాక్ష్యం ఉందా?" అన్నారు జోడు కిందికి దించుకుని. "చరిత్రకి సాక్ష్యం కావాలమ్మాయ్. చెప్పుల కోసం ఏడ్చిన ఏడుపు సాక్ష్యం కాదు."

"ఆవిడ కళ్ళారా చూసింది కదండీ."

"ఏడేళ్ళ పిల్ల ఏం చూస్తుంది?" గ్లాసు ఖాళీ చేసి లేచారు. లేస్తూ బల్ల అంచు గట్టిగా పట్టుకున్నారు. మోకాళ్ళ నొప్పి అనుకుంది కోడలు.

శనివారం తెల్లవారేసరికి ఆకాశం గిన్నె అడుగులా నల్లగా మాడి ఉంది. వాన ఇంకా మొదలవలేదు. గాలి లేదు. వీధి కుక్కలు అరుగుల కింద నుంచి బయటికి రాలేదు. ఎక్కడో ఎగువన రెండు రోజులుగా కురుస్తోందని పాలు పోసే ఆవిడ చెప్పింది.

పదింటికి మామగారు హాలుకి వచ్చారు. వెనకాల లాకుల మనిషి, భుజం మీద గ్రీజు పూసిన ఇనుప హ్యాండిల్ మోసుకుంటూ. లాకు తలుపు ఎత్తాలన్నా దించాలన్నా ఆ హ్యాండిలే చక్రానికి తగిలించి తిప్పాలి. మోచెయ్యంత పొడవు, పసిపిల్లంత బరువు. లాకులకి ఉన్నది అదొక్కటే.

"వరదనాటి పాత హ్యాండిలూ ఈ కొత్త హ్యాండిలూ పక్కపక్కన పెడదామమ్మాయ్," అన్నారు మామగారు ఉత్సాహంగా. "ఇదిగో నిర్లక్ష్యం, ఇదిగో జాగ్రత్త. చూసేవాళ్ళకి కార్డు కూడా అక్కర్లేదు."

లాకుల మనిషి హ్యాండిల్‌ని బల్ల మీద పెట్టాడు గానీ పట్టు వదల్లేదు. నలభై దాటినా మాష్టారి ముందు ఇంకా నాలుగో తరగతి పిల్లాడే. "మాష్టారూ, కొలబద్ద మీద నీళ్ళు నాలుగులో ఉన్నాయండీ. ఎగువన వానలంట. ఏడుకొస్తే తలుపెత్తాలి."

"నాలుగుకీ ఏడుకీ మధ్య ఎన్నున్నాయిరా?"

"మూడండీ."

"లెక్కలు బానే గుర్తున్నాయి. రేపు ముఖ్య అతిథి వచ్చి చూసి వెళ్ళగానే పట్టుకుపో. నీ హ్యాండిల్ ఏం కరిగిపోదు."

లాకుల మనిషి కోడలి వైపు చూశాడు. ఆమె బీరువా అద్దం తుడుస్తూ ఉండిపోయింది. అతను చేతికంటిన గ్రీజు ప్యాంటుకి రాసుకుని, గుమ్మం దాకా వెళ్ళి ఓసారి వెనక్కి తిరిగి హ్యాండిల్‌ని చూసి వెళ్ళాడు. బడి మొదటిరోజు పిల్లని వదిలి వెళ్ళే తండ్రి అలాగే చూస్తాడు.

మామగారు ప్రసంగం రాసుకోవడానికి ఇంటికి వెళ్ళారు. కోడలు పాత హ్యాండిల్‌ని దింపింది. అది సంఘం మొట్టమొదటి వస్తువు, ఒకటో నంబరు. కిరసనాయిలు గుడ్డతో తుప్పు రుద్దింది. పిడి దగ్గర చీటీల గుత్తి ఉల్లిపాయలా పొరలు పొరలుగా లావెక్కి ఉంది. పై నాలుగూ ఆమె రాసినవే. దారం కుళ్ళి చేతికొస్తోంది. రేపు జనం ముందు చీటీలు రాలితే ముందు రాలేది తన పరువే. కత్తెర పక్కన పెట్టి, గుండుసూదితో ముళ్ళు ఒక్కొక్కటే విప్పడం మొదలుపెట్టింది.

అప్పుడే వాన మొదలైంది. ముందు రేకుల మీద గింజలు చల్లినట్టు, తర్వాత బస్తా ఒంపినట్టు.

తొమ్మిది చీటీలు ఊడొచ్చాయి. అన్నిటి మీదా ఒకటే మాట. 'గండి మర్నాడు, పదహారో తేదీ ఉదయం, లాకు గదిలో దొరికినది.' పదో చీటీ ఇనుముకి అంటుకుపోయి ఉంది. వెలుగు తగలనందువల్ల నీలం సిరా నిన్న రాసినట్టుంది. మామగారి దస్తూరి, కుర్రతనపు నిక్కుతో నిటారుగా.

'1. లాకు హ్యాండిల్. ప్రదర్శన కోసం అరువు. శనివారం తిరిగి ఇచ్చేయాలి. తేదీ 14.'

కోడలు మూడుసార్లు చదివింది. గండి పడింది పదిహేనో తేదీ రాత్రి. ఆ తేదీ పద్దెనిమిదేళ్ళుగా ప్రతి వానాకాలం కార్డు మీదా తన చేత్తో రాస్తోంది. అంటే గండి పడిన రాత్రి హ్యాండిల్ లాకు గదిలో లేదు. ఈ హాల్లో, ఈ బల్ల మీద ఉంది. కాపలాదారు నిద్రపోయినా, మేలుకున్నా, నీళ్ళలో నిలబడి అరిచినా ఆ తలుపు లేచేది కాదు. ఆ ప్రదర్శన తెరుచుకోక ముందే ఊరు మునిగింది కాబట్టి బల్ల మీది హ్యాండిల్‌ని చూసినవాళ్ళు లేరు.

ఆయన ఈ చీటీని కోసి పారేయొచ్చు. కోయలేదు. రూలు ఆయనదే మరి. కప్పుకుంటూ వచ్చారు, అంతే.

ఆమె తల ఎత్తింది. అదే బల్ల మీద, చెయ్యి చాపితే అందేంత దూరంలో, గ్రీజు మెరుస్తూ కొత్త హ్యాండిల్ పడి ఉంది. రేకుల మీద వాన ఎవరో తొందరపెడుతున్నట్టు చప్పుడు చేస్తోంది.  పదో చీటీని గుండుసూదుల డబ్బాలో పెట్టి మూత బిగించింది.

సాయంత్రం అత్తగారు వంటింట్లో పీట మీద కూర్చుని బఠానీలు ఒలుస్తున్నారు. డెబ్భై ఏళ్ళ మనిషి. మాటకి పొదుపు. కోడలు ఎదురుగా కూర్చుని ఓ గుప్పెడు కాయలు తీసుకుంది.

"అత్తయ్యా, గండి పడిన రాత్రి మీరు ఇంట్లోనే ఉన్నారా?"

"పెళ్ళయి నెల. ఇంకెక్కడుంటాను?"

"ఎవరైనా వచ్చారా?"

అత్తగారి బొటనవేలు కాయ మధ్యలో ఆగింది. "తలుపు తట్టారు. రెండుసార్లు. మీ మామగారు తలుపు తీయకుండా లోపలినుంచే ఏదో చెప్పి పంపేశారు."

"ఏం చెప్పారు?"

"వానలో ఏం వినపడుతుంది?" కాయ చిట్లింది. గింజలు గిన్నెలో పడకుండా నేల మీద దొర్లాయి. అత్తగారికి అలా జరగడం కోడలు ఎప్పుడూ చూడలేదు.

"తర్వాతైనా అడగలేదా? యాభై ఏళ్ళు ఊరుకున్నారా?"

"యాభై ఏళ్ళు ఎవరు ఊరుకోగలరమ్మాయ్? ఏ రోజుకారోజు, ఈ ఒక్క రోజుకీ అనుకుని ఊరుకున్నాను."

ఇద్దరూ వంగి గింజలు ఏరారు. ముందుగదిలో మామగారు ప్రసంగం గొంతెత్తి చదువుకోవడం వినిపిస్తోంది. 'బాధ్యత' అన్న మాట దగ్గర ప్రతిసారీ దగ్గు వస్తోంది ఆయనకి.

కోడలు టీ పట్టుకెళ్ళింది. డబ్బా ఆమె జేబులోనే ఉంది.

"మామయ్యగారూ, నీళ్ళు అయిదు దాటాయట. కొత్త హ్యాండిల్ ఇచ్చేసి రానా?"

"రేపటిదాకా ఆగలేవా?"

"నేను ఆగుతానండీ. కాలవ ఆగుతుందా అని."

మామూలుగానైతే ఆయన నవ్వేవారు. నవ్వలేదు. "కప్పు అక్కడ పెట్టి వెళ్ళు," అన్నారు. జేబులో డబ్బా మీద వేళ్ళు బిగించి, తీయకుండానే ఆమె వెనక్కి వచ్చేసింది.  ఇంటి కోడలికి ఊరుకోవడం ఎవరూ ప్రత్యేకంగా నేర్పనక్కర్లేదు.

ఆదివారం పొద్దుటికి వాన ఆగలేదు. హాల్లో ముప్పై కుర్చీలు వేస్తే పదిహేను నిండాయి. గొడుగుల కింద మడుగులు కట్టాయి. ఎదురుగా మేజా మీద పలక నిలబెట్టి ఉంది. దాని మీద ఎర్ర తెర. కుచ్చిళ్ళు సమంగా, ఒక్క కుట్టు వంకర లేకుండా. తెర రింగులు పట్టేస్తున్నాయని దర్జీ అక్కని ఉండమన్నారు. తండ్రి మీద రాసిన రాయి పక్కన, తాడు చేత్తో పట్టుకుని ఆమె నిలబడింది. మొహంలో ఏమీ లేదు. పక్క బల్ల మీద రెండు హ్యాండిళ్ళు, రెండు కార్డులు. నిర్లక్ష్యం. జాగ్రత్త. రెండూ గుండ్రటి అక్షరాలే. అత్తగారు మొదటి వరసలో, చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు.

ముఖ్య అతిథి పదింటికి రావాలి. పదీ ఇరవై అయింది. మామగారు ప్రసంగం కాగితాలు సర్దుకుంటూ గుమ్మం వైపు చూస్తున్నారు.

గుమ్మంలో నిలబడింది లాకుల మనిషి.

తల నుంచి కాళ్ళ దాకా నీళ్ళు. నిలబడిన చోట నేల నల్లబడుతోంది. దర్జీ అక్క చేతిలో తాడు బిగుసుకోవడం కోడలు చూసింది.

"మాష్టారూ. ఏడు దాటింది."

"వచ్చేస్తున్నారయ్యా. దారిలో ఉన్నారు."

"కట్టకి జానెడే ఉందండీ. పల్లపు వీధిలో మంచాలు ఎత్తేస్తున్నారు. వెళ్ళడానికి ఏడు నిమిషాలు, తిప్పడానికి అరగంట."

"పది నిమిషాలు." మామగారు కాగితాలు మళ్ళీ సర్దుకున్నారు. "ఆయన వచ్చి చూసి వెళ్ళగానే ఇస్తాను."

కుర్చీల్లో ఎవరూ కదల్లేదు. మాష్టారి మాటకి ఎదురు చెప్పడం ఆ ఊరివాళ్ళకి అలవాటు లేదు. అందరూ ఆయన దగ్గర చదివినవాళ్ళే.

"ఆ రాత్రి కూడా ఈ మాటే అన్నారు," అన్నారు అత్తగారు.

పెద్దగా అనలేదు. బఠానీల ధర చెప్పినట్టే అన్నారు. కానీ వాన చప్పుడులో కూడా ఆ మాట హాలంతటా వినపడింది. "ఆయన వచ్చి చూసి వెళ్ళగానే ఇస్తాను, పొద్దున్నే రా అన్నారు. రెండుసార్లూ అదే అన్నారు. నాకు వినపడింది."

కోడలు బల్ల దగ్గరకి నడిచింది. కొత్త హ్యాండిల్‌ని రెండు చేతులా ఎత్తింది. గ్రీజు బట్టలకి అంటింది. లాకుల మనిషి ఎదురొచ్చి అందుకున్నాడు, మారుమాట లేకుండా వానలోకి పరిగెత్తాడు. మొదటి వరసలోంచి ఇద్దరు లేచి అతని వెనకాలే పరిగెత్తారు. గొడుగులు వదిలేసి.

బల్ల మీద ఖాళీ అయిన చోట గ్రీజు మరక ఒకటి మిగిలింది. కోడలు గుండుసూదుల డబ్బా తీసి, మూత విప్పి, పదో చీటీని ఆ మరక పక్కన పెట్టింది.

"ఇది పెట్టడం మర్చిపోయాను మామయ్యగారూ," అంది. "కోయలేదు. ముడి విప్పాను."

ఆయన వంగి చూశారు. కళ్ళజోడు నుదుటి మీదే ఉంది. దించుకోలేదు. చదవాల్సిన అవసరం లేదు ఆయనకి.

హాల్లో ఎక్కడో ఫోన్ మోగింది. కోశాధికారి అటు తిరిగి రెండు ముక్కలు మాట్లాడి, గొంతు సవరించుకున్నాడు. "అతిథిగారు రావట్లేదండీ. రోడ్డు మీద నీళ్ళొచ్చాయట. సగం దారి నుంచే వెనక్కి తిరిగారట."

"అప్పుడూ రాలేదు," అన్నారు అత్తగారు సంచి సర్దుకుంటూ.

 గోడ గడియారం కింద అందరూ చెవులు రిక్కించుకుని కూర్చున్నారు. పదిన్నర. పదకొండుకి పావు. దర్జీ అక్క తాడు వదల్లేదు. తలుపు వైపే చూస్తోంది. పల్లపు వీధిలో ఆమె మిషనుంది, కుట్టాల్సిన యూనిఫారాలున్నాయి. మామగారి చెయ్యి బల్ల మీద పాకింది. చీటీని తీసుకుంది. చొక్కా జేబులో పెట్టుకుంది. కోడలు చూసింది. చూసినట్టు ఆయనా చూశారు.

పదకొండు దాటాక కిటికీ అద్దాలు సన్నగా అదిరాయి. ఆ వెనకే దూరం నుంచి ఒక హోరు, భూమి గొంతు సవరించుకున్నట్టు. వాన హోరు కాదు. తలుపు కింద నుంచి తన్నుకొచ్చే నీళ్ళ హోరు.

"లేచింది," అన్నారెవరో.

హాల్లో అందరూ ఒక్కసారి ఊపిరి వదిలారు. ఒకావిడ ఏడ్చింది. ఒకాయన టీ ఏదని అడిగాడు. ఇక అంతా సర్దుకుపోయేలా కనిపించింది. ఆ చీటీ మీద ఏముందో హాల్లో ఇద్దరికే తెలుసు. అత్తగారి మాటని వయసు మీద వేసేయొచ్చు. మామగారికి కావాల్సిందల్లా ఆ జేబు మీద చెయ్యి అలాగే ఉంచుకోవడం.

కోడలు నిర్లక్ష్యం అని రాసిన కార్డుని తీసి రెండుగా చింపింది. అంతకుమించి ఏం చేయాలో ఆమెకి తోచలేదు.

మామగారు మేజా దగ్గరకి నడిచారు. నాలుగడుగులకి చాలా సమయం పట్టింది. తెర పక్కకి లాగి, చెక్కిన మూడో వరస మీద అరచెయ్యి ఆనించారు, మూసేయాలన్నట్టు. ఆ వరసకి ఆయన చెయ్యి చాల్లేదు. జేబులోంచి చీటీ తీసి దర్జీ అక్క చేతిలో పెట్టారు.

"నువ్వు చదువుకోవచ్చు. సాక్ష్యం," అన్నారు.

ఆమె చదవలేదు. ఆయన మొహమే చూస్తోంది, ఏడేళ్ళ పిల్ల గుమ్మంలో నిలబడి చూసినట్టు.

"మీ నాన్న నిద్రపోలేదమ్మా." మాష్టారి గొంతు చివరి కుర్చీ దాకా వినపడింది. "రెండుసార్లు తడుస్తూ నా గుమ్మంలోకి వచ్చాడు. హ్యాండిల్ నా దగ్గరే ఉంది. తెల్లారనీ అన్నాను. ముగ్గురు పోయారు. తప్పు ఆయనది కాదు. నాది."